ఇంట్లో కడిగిన సగం రీలు

మన సంఘం ప్రత్యేక సంచికకు పాతరోజుల సంగతి ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. పాత జీతాల గురించి, పే రివిజన్ల గురించి, బదిలీల గురించి నాకంటె బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక చిన్న ఇంటి పని చరిత్ర రాయదలచుకున్నాను. అది ఫోటో రీలు కడగడం. అందులోనూ నిండు రీలు కాదు. కెమెరాలో రీలు ఇంకా మిగిలి ఉండగానే, తీసినంత ముక్కను చీకట్లో కోసి ఇంట్లోనే కడుక్కోవడం.

ఇదేదో పిసినారుల పని అని ఈ కాలపు పిల్లలు నవ్వవచ్చు. పొదుపు అందులో ఉన్న మాట నిజమే. కాని అసలు సంగతి పొదుపు కాదు. తీసిన ఫోటో సరిగా వచ్చిందో లేదో, మళ్లీ తీయడానికి ఆ మనిషి మన ఎదుట ఉండగానే తెలుసుకోవడం అసలు సంగతి. ఫోటోగ్రఫీ చరిత్రలో ఈ వీలు మొదట ఉండేది, మధ్యలో పోయింది, ఇప్పుడు సెల్‌ఫోనుతో మళ్లీ వచ్చింది. మధ్యలో గడిచిన నూరేళ్ల పైచిలుకు కాలంలో మనవంటి వాళ్లు దానిని ఎలా సంపాదించుకున్నారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జహనుమా అనే పేరు

మాది పాతబస్తీలో జహనుమా. శాలిబండ దాటి ఫలక్‌నుమా వైపు పోయే దారిలో వస్తుంది. పైగా నవాబుల మహలు పేరే ఈ పేటకు వచ్చింది. ‘జహాన్’ అంటే లోకం, ‘నుమా’ అంటే చూపేది. లోకాన్ని చూపేది జహనుమా, ఆకాశాన్ని చూపేది ఫలక్‌నుమా. ఆ పైగా వంశంలోని షంసుల్ ఉమ్రా గారు పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనే ఐరోపా విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి, తమ సొంత లితో ప్రెస్సులో అచ్చు వేయించారు. అటువంటి పేటలో ఒక గుమాస్తా ఇంటి స్టోరు గది కొన్ని రాత్రులు ప్రయోగశాల అయిందంటే అందులో ఆశ్చర్యం లేదనుకుంటాను.

గాజు పలకల కాలం

హైదరాబాదులో ఫోటోల మాట ఎత్తితే రాజా దీనదయాళ్ గారి పేరు చెప్పకుండా కుదరదు. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో మనలాగే సర్కారు నౌకరీ చేశారు. ఆ ఉద్యోగంలో ఉండగానే 1870 దశకంలో ఫోటోలు తీయడం పట్టుపడింది. తర్వాత ఉద్యోగం వదులుకుని ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారి ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ‘రాజా’ అనే బిరుదు, ‘ముసవ్విర్ జంగ్’ అనే బిరుదు నిజాము ఇచ్చినవే. 1905లో కాలం చేశారు.

ఆ రోజుల్లో ఫోటో గాజు పలక మీద పడేది. మొదటి పద్ధతిని 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టాడు. దానిని తడి పలక పద్ధతి అంటారు. గాజుకు మందు పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. ఫోటోగ్రాఫరు ఎక్కడికి వెళ్లినా వెంట చీకటి గుడారం ఉండవలసిందే. కష్టమైన పనే. కాని అందులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. పావుగంటలో నెగెటివు చేతికి వచ్చేది. నవాబు గారు కదిలినా, వెలుతురు చాలకపోయినా అక్కడికక్కడే తెలిసిపోయేది. నవాబు గారు ఇంకా కుర్చీలోనే ఉండేవారు. ఇంకొక పలక పెట్టి మళ్లీ తీసేవారు. 1871లో మాడక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు పొడి పలక మార్గం చూపాక గుడారం అవసరం తగ్గింది. అయినా ఒక్కొక్క పలక విడివిడిగానే ఉండేది కాబట్టి కావలసిన దానిని కావలసినప్పుడు కడుక్కోవచ్చు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1892లో దీనదయాళ్ గారు హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. ఘోషా పాటించే స్త్రీల కోసం ఎత్తయిన గోడల మధ్య ఏర్పాటు చేసిన స్టూడియో అది. కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల స్త్రీ దానిని చూసుకునేది. ఫోటో తీయించుకోవడానికి ఆ స్త్రీలకు అభ్యంతరం లేదు. ఆ ఫోటో ఎవరి చేతుల మీదుగా పోతుందన్నదే వాళ్లకు ముఖ్యం. ఈ మాట మళ్లీ అవసరం అవుతుంది, గుర్తుంచుకోండి.

నూరు ఫోటోల పెట్టె

1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ అనే చిన్న పెట్టె కెమెరాను అమ్మకానికి పెట్టాడు. వెల 25 డాలర్లు. లోపల చుట్టలో నూరు ఫోటోలకు సరిపడే రీలు ఉండేది. నూరూ తీశాక కెమెరాను అలాగే రోచెస్టర్‌లోని ఫ్యాక్టరీకి పంపాలి. వాళ్లు 10 డాలర్లు తీసుకుని, రీలు కడిగి, కాపీలు తీసి, కొత్త రీలు నింపి తిరిగి పంపేవారు. మీట నొక్కడం మీ వంతు, మిగతాది మా వంతు అన్నది వారి వ్యాపార సూత్రం.

దీనితో ఫోటో తీయడం అందరికీ వచ్చింది. కాని గాజు పలక ఇచ్చిన వీలు పోయింది. నూరు ఫోటోలూ ఒకే తాటికి కట్టిన మేకల్లా అయ్యాయి. మొదటి ఫోటో చూడాలంటే నూరోది తీసేదాకా ఆగాలి. తర్వాత రీళ్లు చిన్నవి అయ్యాయి. 1901లో వచ్చిన 120 రకం రీలులో, మనవాళ్లు ఎక్కువగా వాడిన చదరపు ఫోటోలయితే పన్నెండు వచ్చేవి. 35 మిల్లీమీటర్ల సన్న రీలులో ముప్పై ఆరు. ఏడాదికి ఒక రీలు కొనే ఇంట్లో ఉగాదికి తీసిన ఫోటో సంక్రాంతికి చూసుకోవడం మామూలు సంగతి. మధ్యలో ఫోటోలోని మనిషి ఉండకపోవచ్చు. అటువంటి ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. జర్మనీలో డ్రెస్డెన్ నగరపు ఇహాగీ కంపెనీ వారు 1936లో కీనె ఎక్సాక్టా అనే 35 మిల్లీమీటర్ల కెమెరా తెచ్చారు. దాని లోపల చిన్న కత్తి అమర్చి ఉండేది. తీసినంత వరకు రీలును ఆ కత్తితో తెంపి, ఆ ముక్కను చీకట్లో తీసి కడుక్కుంటే, మిగిలిన రీలు కెమెరాలోనే పనికి వచ్చేది. అంత పెద్ద కంపెనీ కెమెరాలోనే కత్తి పెట్టిందంటే ఆ అవసరం లోకమంతటా ఉన్నదనే కదా. సినిమా కెమెరామెన్లు కూడా రీలు చివర కొన్ని అడుగులు కోసి, ముందుగా కడిగి చూసుకునేవారు. సెట్టు విప్పకముందే తెలిస్తే మళ్లీ తీయవచ్చు.

వంటింటి రసాయనశాల

రీలు ఇంట్లో కడగడం మన దేశానికి కొత్త కాదు. దాదాసాహెబ్ ఫాల్కే గారు 1912లో లండను నుంచి కెమెరా తెచ్చుకుని, 1913లో రాజా హరిశ్చంద్ర సినిమా విడుదల చేశారు. దాని రీలును బొంబాయి దాదర్‌లోని తమ ఇంట్లోనే కడిగారు. ఆయన భార్య సరస్వతీబాయి గారు చీకట్లో కూర్చుని పచ్చి ఫిల్ముకు అంచుల వెంట చిల్లులు వేసేవారు. మందులు కలిపేవారు. షూటింగులో ఎండను నటుల ముఖం మీదకు మళ్లించడానికి తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడేవారు. ఇంత పని చేసే మనుషులందరికీ వంట కూడా ఆవిడే చేసేవారట. మన దేశపు సినిమా ఒక ఇల్లాలి చేతుల మీదుగా చీకటి గదిలోంచి బయటికి వచ్చింది.

రీలు కడగడంలో జరిగేది ఏమిటంటే, రీలు మీద జెలటిన్ పొరలో వెండి లవణాల రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన రేణువులు మారతాయి గాని కంటికి కనపడవు. డెవలపర్ అనే మందు వాటిని నల్లని వెండిగా మారుస్తుంది. తర్వాత హైపో అనే ఉప్పు నీళ్లలో వేస్తే వెలుతురు తగలని రేణువులు కరిగిపోతాయి. అప్పుడు దీపం వేసినా ఫరవాలేదు. హైపో గుణాన్ని ఫోటోలకు ఉపయోగించవచ్చని 1839లో చెప్పినవాడు ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్.

మందుల్లో మేం ఎక్కువగా వాడింది కొడాక్ వారు 1920 దశకంలో బయటపెట్టిన డి-76 సూత్రం. లీటరు నీళ్లకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. మెటాల్ ముందు కలపాలి. సల్ఫైట్ ముందు వేస్తే మెటాల్ సరిగా కరగదు. రెండు గ్రాములు తూచడానికి ఇంటి తక్కెడ పనికిరాదు కాబట్టి కంసాలి త్రాసే గతి. వేసంగిలో హైదరాబాదు నీళ్లు ముప్పై డిగ్రీలు దాటుతాయి. మందు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. వేడెక్కితే రీలు మీది పొర మెత్తబడి ఊడుతుంది. అందుకని గోనెసంచిలో బర్ఫు గడ్డ తెచ్చి పళ్లెం చుట్టూ పేర్చేవాళ్లం. చలికాలంలో ఆ బాధ లేదు. గండిపేట నీళ్లే చల్లగా వచ్చేవి.

రీళ్లు ఎక్కడివంటారా? తూర్పు జర్మనీ నుంచి ఓర్వో రీళ్లు వచ్చేవి. మన సర్కారు ఊటీలో 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టింది. అక్కడ 1967లో ఉత్పత్తి మొదలై ‘ఇందు’ రీళ్లు బజారుకు వచ్చాయి. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే ఫిల్ముల మీద కూడా ఆ పేరు చూసిన గుర్తు చాలామందికి ఉండాలి. నాకు ఇప్పుడు ఎనభై దాటాయి. 1960 దశకం చివర ఉద్యోగంలో స్థిరపడ్డాక సెకండుహ్యాండులో ఒక పాత యాషికా కెమెరా కొన్నాను. పైన ఒకటి, కింద ఒకటి రెండు కటకాలు ఉండే రకం. స్టూడియోల వాళ్లు వాడేవారు. వెనుక చిన్న ఎర్ర కిటికీ ఉండి, అందులోంచి రీలు వెనుక కాగితం మీది నంబరు కనపడేది. సగం రీలు విద్యకు ఆ ఎర్ర కిటికీ చాలా ఉపకారం చేసింది. ఎలాగో చెబుతాను.

1990 డిసెంబరు

మన సంఘ సభ్యులకు ఉమ్మడి ఫోటో అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పింఛను కాగితాలతో పాటు ఉద్యోగి, భార్య లేక భర్త కలిసి ఉన్న ఫోటో కాపీలు, అధికారి సంతకంతో పెట్టాలి. ఉద్యోగి పోయిన తర్వాత కుటుంబ పింఛనుకు వచ్చిన మనిషి ఆ మనిషేనని చెప్పేది ఆ ఫోటోయే. నేను అప్పట్లో అటువంటి కాగితాలు చూసే సెక్షనులోనే ఉన్నాను. ఒక్క ఫోటో లేక నెలల తరబడి ఆగిన ఫైళ్లు నా బల్ల మీద చూశాను.

మా గల్లీలో రెండిళ్ల అవతల ఒక అటెండరు గారు ఉండేవారు. మేం భాయ్ సాబ్ అనేవాళ్లం, వారి భార్యను భాభీ అనేవాళ్లం. ఆయన 1990 డిసెంబరు ఆఖరున రిటైరు కావలసి ఉంది. దీపావళి వెళ్లిన కొద్ది రోజులకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మెడ నిలిచేది కాదు. అన్ని కాగితాలూ సిద్ధమయ్యాయి, ఉమ్మడి ఫోటో ఒక్కటే లేదు. పెళ్లయి ముప్పై అయిదేళ్లయినా ఇద్దరూ కలిసి ఒక్క ఫోటో కూడా తీయించుకోలేదు. భాభీ ఘోషా పాటించేవారు.

ఆ డిసెంబరులోనే పాతబస్తీలో అల్లర్లు, కర్ఫ్యూ. ఆ రోజుల సంగతి పాతబస్తీ వాళ్లకు చెప్పే పని లేదు. పొద్దున కాసేపు సడలిస్తే పాలు, రొట్టె, కిరోసిను కోసం పరుగు. స్టూడియోలన్నీ మూత. మంచం మీది మనిషిని ఎక్కడికీ తీసుకుపోయే దారి లేదు. మా ఇంట్లో కెమెరా ఉంది, అందులో కొత్త ఇందు రీలు ఉంది. సంక్రాంతికి మా పెద్దమ్మాయి నిశ్చితార్థం పెట్టుకుని తెచ్చిన రీలు అది. ఇంకొకటి కొందామంటే దుకాణం ఎప్పుడు తెరుస్తారో తెలియదు.

నేనూ, నా భార్యా కలిసి వెళ్లాం. భాభీ చాలాసేపు ఆలోచించి ముసుగు తీసి, భాయ్ సాబ్ పక్కన కూర్చున్నారు. ఒక్క మాట మాత్రం అన్నారు. “బాహర్ నక్కో దేవో, భాయ్ సాబ్.” బయట ఎవరికీ ఇవ్వకండి అని. కార్యాలయానికి వెళ్లే కాపీలకు ఆవిడ ఒప్పుకున్నారు. కాని రీలు ఏదో దుకాణంలో ఎవరెవరి చేతుల్లోనో పడటం ఆవిడకు ఇష్టం లేదు. తొంభై ఎనిమిదేళ్ల కిందటి జనానా స్టూడియో గోడల వెనుక ఉన్న మాటే ఇది. రీలు ఇంట్లోనే కడగాలన్నది అప్పుడే తేలిపోయింది. నాలుగు ఫోటోలు తీశాను. కిటికీ వెలుతురు తప్ప వేరే దీపం లేదు.

చీకట్లో కోత

ఆ రాత్రి మా స్టోరు గదిలో పని మొదలైంది. తలుపు సందులకు పాత దుప్పట్లు కుక్కాం. నల్లతెల్ల రీలయినా అన్ని రంగుల వెలుతురూ పట్టే రకం కాబట్టి ఎర్ర దీపం కూడా పనికిరాదు. గాఢాంధకారంలో అంతా చేతి స్పర్శతోనే చేయాలి.

120 రీలుకు వెనుక పొడవునా నల్ల కాగితం ఉంటుంది. రీలు మొదటి అంచు మాత్రమే ఆ కాగితానికి టేపుతో అంటి ఉంటుంది. ఫోటోలు తీస్తుంటే కాగితం, రీలు కలిసి రెండో చుట్ట మీదకు పోతాయి. నాలుగో ఫోటో తర్వాత ఒక ఖాళీ ఫోటో నడిపించి, అయిదో నంబరును కోతకు వదిలేయాలి. చీకట్లో కెమెరా వెనుక మూత తెరిచి, రెండు చుట్టలనూ బయటకు తీసి, నడుమ రీలునూ కాగితాన్నీ వేళ్లతో విడదీయాలి. కాగితం గరుకుగా, రీలు నున్నగా తగులుతుంది. రీలును మాత్రమే కత్తెరతో కోయాలి, కాగితం తెగకూడదు. తీసిన ముక్కను విప్పుకుంటూ పోయి, మొదటి అంచు దగ్గర టేపు ఊడదీయాలి. మిగిలిన రీలు తెగిన అంచును అదే టేపుతో కాగితానికి అంటించాలి. ఖాళీ కాగితాన్ని మళ్లీ చుట్టి, కెమెరాలో పెట్టి, మూత వేయాలి. కాగితం తెగలేదు కాబట్టి దాని మీది నంబర్లు చెక్కుచెదరవు. ఎర్ర కిటికీలో ఆరు కనపడేదాకా తిప్పితే కెమెరా మళ్లీ సిద్ధం. పన్నెండింటిలో నాలుగు చేతికి వచ్చాయి, ఒకటి కోతకు పోయింది, ఏడు మిగిలాయి. మా అమ్మాయి నిశ్చితార్థానికి ఆ మిగిలినవి ఆధారం.

కోసిన ముక్క మూరెడు కూడా ఉండదు. దానికి ట్యాంకు అక్కరలేదు. రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని, పళ్లెంలోని మందులో ఒక చివర లేపుతూ, ఒక చివర దించుతూ ఊయలలా ఆడించాలి. గడియారం కనపడదు కాబట్టి నా భార్య బయట లాంతరు దగ్గర కూర్చుని నిమిషానికొకసారి తలుపు మీద తట్టింది. తొమ్మిది తట్లకు మందులోంచి తీసి, నీళ్లలో ముంచి, హైపోలో వేశాను. పది నిమిషాల తర్వాత తలుపు తెరిచాం. నిలవ చేసిన డ్రమ్ము నీళ్లు ఆరుసార్లు మార్చి కడిగి, బట్టల క్లిప్పుతో వేలాడదీశాం.

లాంతరు వెలుతురులో చూస్తే రెండింటిలో భాయ్ సాబ్ తల కదిలింది. మిగతా రెండింటిలో ఆయన స్థిరంగానే ఉన్నారు, కాని కిటికీ వెలుతురు ఒకవైపే పడి భాభీ ముఖం సగం చీకట్లో ఉంది. నిండు రీలు అయ్యేదాకా ఆగి ఉంటే ఈ సంగతి నిశ్చితార్థం అయ్యాక, జనవరి నెల సగంలో తెలిసేది.

మర్నాడు మళ్లీ వెళ్లాం. ఆయన మెడ వెనుక రగ్గు మడిచి ఆసరా పెట్టాం. నా భార్య భాభీకి రెండోవైపు తెల్ల దుప్పటి చాపి పట్టుకుంది. సరస్వతీబాయి గారు ఎండను మళ్లించిన పద్ధతే అది. ఆరు, ఏడు, ఎనిమిది నంబర్ల ఫోటోలు తీశాం. రాత్రి మళ్లీ కోత. తొమ్మిది కోతకు పోయింది. ఏడో నంబరు చక్కగా వచ్చింది. ఇద్దరి ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి. భాభీ చూపు నేరుగా కెమెరా వైపే ఉంది.

120 రీలు నెగెటివు రెండుంబావు అంగుళాలు ఉంటుంది. అందుకే దానికి పెద్దది చేసే యంత్రం లేకుండానే కాపీ తీయవచ్చు. ఫోటో కాగితం మీద నెగెటివు పెట్టి, పైన గాజు పలక అదిమి, బల్బు కొన్ని సెకండ్లు వెలిగిస్తే చాలు. కాగితానికి ఎర్ర దీపం ఫరవాలేదు. భాభీ తమ కాపీలను పళ్లెంలో తామే ఆడించారు. తెల్ల కాగితం మీద ముందు ఆయన గడ్డం, తర్వాత తన ముఖం తేలి రావడం చూసి ఏమీ మాట్లాడలేదు. నెగెటివు ఆవిడ చేతికే ఇచ్చేశాం. మా అమ్మాయి నిశ్చితార్థానికి మూడే ఫోటోలు మిగిలాయి. ఆ మూడూ ఇప్పటికీ అమ్మాయి దగ్గర ఉన్నాయి.

కర్ఫ్యూ సడలించిన పొద్దున కాపీల మీద సంతకం చేయించి కాగితాలు అందజేశాం. భాయ్ సాబ్ 1991 వానాకాలంలో పోయారు. భాభీకి కుటుంబ పింఛను ఆటంకం లేకుండా వచ్చింది. ఆ ఫోటో పెద్దది చేయించి గోడకు పెట్టుకోమని పిల్లలు అడిగినా ఆవిడ ఒప్పుకోలేదు. ట్రంకు పెట్టెలోనే ఉంచుకున్నారు.

మన పెట్టెల్లోని రీళ్లు

తర్వాతి కథ మీ అందరికీ తెలిసిందే. 1990లోనే తూర్పు జర్మనీ అనే దేశం లేకుండా పోయింది. ఊటీ ఫ్యాక్టరీ 1990 దశకంలో ఖాయిలా పడి, ఆ తర్వాత మూతపడింది. లోకానికి రీలు అలవాటు చేసిన కొడాక్ కంపెనీయే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. పింఛనుదారులకు కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ తెచ్చింది. వేలిముద్రతోనో, ఫోనులో ముఖం చూపితేనో బతికి ఉన్నట్టు రుజువవుతోంది. మా మనవడు నా ఫోటో తీసి, నచ్చకపోతే “తాతయ్యా, ఇంకోసారి” అంటాడు. తీసిన వెంటనే చూసుకునే వీలు దీనదయాళ్ గారి తర్వాత మళ్లీ మన చేతికి వచ్చింది.

అందుకని సభ్యులకు రెండు మూడు మనవులు.

మీ పెట్టెల్లో, అటకల మీద కడగని రీళ్లు ఉంటే పారేయకండి. విప్పి వెలుతురులో చూడకండి. ఏళ్లు గడిచినకొద్దీ బొమ్మ మసకబారుతుంది గాని పూర్తిగా పోదు. నల్లతెల్ల రీళ్లు కడిగేవారు ఇప్పటికీ పెద్ద నగరాల్లో ఉన్నారు. పాత కెమెరాలో సగం వాడిన రీలు ఉంటే మూత తెరవకుండా అలాగే వారికి అప్పగించండి.

నెగెటివులు ఫోటోలకంటె విలువైనవి. ఫోటో పోతే నెగెటివుతో మళ్లీ తీయవచ్చు. వాటిని ప్లాస్టిక్ సంచిలో కుక్కితే తేమకు అతుక్కుపోతాయి. పొడి కాగితపు కవర్లలో విడివిడిగా, తేమ లేని చోట పెట్టండి. వెనిగరు వాసన వచ్చే నెగెటివులు పాడవుతున్నవని గుర్తు. వాటిని వేరు చేసి ముందుగా కాపీ చేయించండి. రాజా దీనదయాళ్ గారి గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించబట్టే ఆ కాలపు హైదరాబాదు మనకు మిగిలింది. మన ఇంటి నెగెటివులకు మనమే కళాకేంద్రం.

ఫోటోల వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. ఈ పని పిల్లలకు వదిలిపెట్టకండి. ఆ పేర్లు తెలిసినవాళ్లం మనమే.

చివరగా, మీ దంపతుల ఉమ్మడి ఫోటో పింఛను ఫైలులో తప్ప ఇంట్లో ఎక్కడా లేకపోతే ఈ వారమే ఒకటి తీయించుకోండి. ఫోను ఎవరి చేతిలో ఉన్నా సరే. తీసిన వెంటనే చూసుకోండి. బాగా రాకపోతే ఇద్దరూ అక్కడే కూర్చుని ఉండగా మళ్లీ తీయించుకోండి. ఆ వీలు కోసమే మేం ఒకప్పుడు చీకట్లో కత్తెర పట్టుకున్నాం.

సెలవు.